గొర్రెలమ్మిన అత్తతో బెంగళూరు

మా అత్తను బెంగళూరు పిల్చుకుపోవాలని నాకు తోచింది కర్ణాటక పొలిమేరలోని గుమ్మఘట్టలో, ఆమె అరుగు మీద కూర్చున్నప్పుడు. అత్తంటే మా నాయనకు అక్క, పేరు హనుమక్క. ఊహ తెలిసినప్పట్నుంచి గొర్రెల వెంట తిరిగిన మనిషి. మోకాళ్లు అరిగిపోయినాయి, ఇంక మంద వెంట నడవొద్దని డాక్టరు చెప్పినాడు. పోయిన నెల మంద మొత్తం అమ్మేసింది. నేను చూడబోయేసరికి ఖాళీ దొడ్డి దిక్కు చూస్తా కూర్చోనుంది. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది. ఏమడిగినా "ఊ" అనడమే. గుట్ట అవతలికి వినబడేట్టు అరిచే గొంతు ఆమెది. ఆ "ఊ" వింటే నాకు భయమేసింది.

"అత్తా, నాకు రెండు రోజులు సెలవుండాది. బెంగళూరు చూసొద్దాం పా."

"ఆడ నాకేం పని?" అనింది. అయినా కర్ర పట్టుకోని బయల్దేరింది. రానని వాదించే ఓపిక కూడా లేకనే వచ్చిందేమో.

అనంతపురం స్టేషన్లో పొద్దున్నే రైలెక్కినాం. పోవాలనుకునేవాళ్లు ముందే రిజర్వేషన్ చేయించుకోండి. ధర్మవరం వచ్చేసరికే జనరల్ పెట్టెలో కాలు పెట్టేదానికి సందు లేదు. కిటికీ సీటు అత్తకిచ్చినా. ఎదురుగా కూర్చున్న హిందూపురం పెద్దాయన పలకరించినాడు.

"యాడికక్కా ప్రయాణం?"

"ఈ పాపను అడుగప్పా. నాకేం తెల్సు," అని మళ్లీ కిటికీ దిక్కు తిరిగింది. ఇంటినుంచి తెచ్చిన బొరుగుల ఉగ్గాని కూడా సగం నాకే మిగిల్చింది.

మధ్యాహ్నానికి ముందే బెంగళూరులో దిగి, స్టేషన్ దగ్గర లాడ్జిలో సంచులు పెట్టేసినాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో పోతే కింది అంతస్తులో గది అడగండి. మెట్రోలో కదిలే మెట్లు చూసి అత్త గోడకు అతుక్కుపోయింది. లిఫ్టు వెతుక్కుని దిగినాం. రైలెక్కి కబ్బన్ పార్కు చేరి, చెట్ల నీడన నడుచుకుంటా పాత ఎర్ర మ్యూజియం చూసినాం. విగ్రహాలు, శాసనాలు, పాత నాణేలు. నేను చదివి చెప్తాంటే అత్త తలూపింది, అంతే.

పక్కనే సైన్సు మ్యూజియం. అక్కడ పెద్ద డైనోసార్ బొమ్మ తల ఆడిస్తా అరుస్తాంది. పిల్లోళ్లు కేకలు పెడతాండారు. అత్త కాసేపు నిలబడి దాన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"పాపా, దీనికి మేత యాడ తెస్తారు?"

వాచ్‌మన్ పగలబడి నవ్వినాడు. నేనూ నవ్వినా. బయల్దేరినప్పట్నుంచి ఆమె తనంతట తాను నోరు తెరిచింది అదే మొదలు. సాయంత్రం విధానసౌధ ముందర ఫొటోలు దిగే జనం మధ్య కూర్చున్నాం.

"ఎవురి ఇల్లు ఇది?"

"సర్కారుది అత్తా."

"ఇన్ని కిటికీలు ఎవురు తుడుస్తారో పాపం!"

మర్నాడు పొద్దున సిటీ మార్కెట్లో చేమంతుల కుప్పలు, కనకాంబరాల తట్టలు చూసి, ఇడ్లీలు తిని లాల్‌బాగ్ పోయినాం. గాజు మేడ, చెరువు, చుట్టూ పచ్చగా కత్తిరించిన గడ్డి. అత్త ఆ గడ్డిలో కాలు పెట్టడానికే జంకింది. తర్వాత కోపమొచ్చింది.

"ఇంత గడ్డి పెట్టుకోని ఒక్క గొర్రె లేదే! వీళ్లకేమన్నా బుద్ధుండాదా?"

తోట మొత్తం ఆమె నడవలేదు. బ్యాటరీ బండి టికెట్ కోసం ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి లైన్లో నిలబడినా. తిరిగొస్తే బెంచీ ఖాళీ. అత్త దగ్గర ఫోను లేదు. చదువు రాదు. లాడ్జి పేరన్నా నేను ఆమెకు చెప్పి పెట్టలేదు. చెరువు గట్టు దిక్కు పరిగెత్తినా. సెక్యూరిటీ ఆయన్ను అడిగినా. ఎరుపు చీర, చేతిలో కర్ర, అని గుర్తులు చెప్పినా. ఆమెను మామూలు మనిషిని చేద్దామని తెచ్చి, ఈ ఊళ్లో పోగొట్టుకుంటినే అనుకున్నా.

అప్పుడు పూలమళ్ల అవతల ఒక గొంతు వినబడింది. గుట్ట మీదినుంచి మందను పిలిచే గొంతు. దాని వెనకే ఆడవాళ్ల నవ్వులు.

పోయి చూస్తే, తోటలో కలుపు తీసే ఆడవాళ్ల మధ్య అత్త కాళ్లు చాపుకుని కూర్చోనుంది. చేతులు మాత్రం కలుపు పీకుతానే ఉన్నాయి. గొర్రెల్ని ఎట్ల పిలుస్తావని వాళ్లడిగితే పిలిచి చూపించిందంట.

"చెప్పకుండా వస్తావా అత్తా? నా ప్రాణం పోయింది!"

"నేను యాడికి పోతా పాపా? 'ఎల్లింద బందెయమ్మా', యాడనుంచి వచ్చినావమ్మా అని అడిగినారు, వచ్చినా. మన గుమ్మఘట్ట కన్నడమే!"

మంద అమ్మిన సంగతి వాళ్లకు చెప్పేసింది. ఏ గొర్రెకు ఏ పేరు పెట్టిందో, ఏది మొండిదో, అన్నీ. చెంపల మీద తడి ఆరలేదు, పెదాల మీద నవ్వుంది. నాతో ఒక్క మాటన్నా అనలేదు ఇవన్నీ. వాళ్లలో పెద్దామె సద్ది మూట విప్పి నాక్కూడా రాగిముద్ద పెట్టింది. అత్త ముద్ద మొత్తం తిని, ఇంకొంచెం చారు పోయించుకుంది. బ్యాటరీ బండి టికెట్లు నా చేతిలోనే నలిగిపోయినాయి.

సాయంత్రం రైల్లో తిరుగు ప్రయాణం. ఆ తోటలు, మ్యూజియాలు నేను ముందు చూసినవే. ఈసారి వాటికంటే పక్కనున్న మనిషినే ఎక్కువ చూసినా. ఎదురు సీట్లో ధర్మవరంలో చీరలమ్మే ఆమె కూర్చుంది. యలహంక దాటకముందే అత్త ఆమెకు డైనోసార్ కథ మొత్తం చెప్పేసింది.

"మరి మైసూరు ప్యాలెస్ చూసినావా అక్కా? రాత్రయితే దీపాలతో మెరిసిపోతాది," అనింది ఆమె.

అత్త నా దిక్కు తిరిగింది.

"ఏం పాపా, మైసూరుకు రైలుండాదా?"