పక్క మంచం ఆవిడ ఎర్రచుక్కలు

చిలకలగూడలో కల్పలత కర్రీ పాయింట్ పెట్టి పదకొండేళ్లు. ఎదురుగా ఇంకొకరు అదే వ్యాపారం షురూ చేస్తే, తన దగ్గర పప్పు అయిపోయిన రోజు గిరాకీని వాళ్ల దగ్గరికే పంపేది. "నీకు కుళ్లు అనేదే లేదే, గిట్లయితే బతుకుడెట్ల" అని భర్త విజయేందర్ నవ్వేవాడు. ఆయన రైల్వేలో ఎలక్ట్రీషియన్. కల్పలత కూడా తన గురించి అలాగే అనుకునేది, నలభై ఆరో ఏడు వచ్చేదాకా.

ఆ ఏడు ఎడమ రొమ్ములో గడ్డ తేలింది. బొల్లారం వైపున్న క్యాన్సర్ ఆస్పత్రిలో ఆపరేషన్. పక్క మంచం మీద సీతారత్నం అనే ఆవిడ. రాజమండ్రి నుంచి వచ్చి బేగంపేటలో స్థిరపడ్డ కుటుంబం, భర్త నరసరాజుకి టైల్స్ షాపు ఉంది. ఇద్దరికీ ఒకే రకం గడ్డ, ఇంచుమించు ఒకే సైజు, ఒకే రోజు ఆపరేషన్. ముందురోజు ఊర్మిళ అనే సైంటిస్టమ్మాయి వచ్చి, తీసేసే గడ్డలోంచి చిన్న ముక్క పరిశోధనకి ఇస్తారా అని అడిగింది. ఇద్దరూ సంతకం పెట్టారు. చేతికిచ్చిన కాయితాల మీద నంబర్ల స్టిక్కర్లున్నాయి. కల్పలతది పదిహేడు, సీతారత్నానిది పద్దెనిమిది.

తర్వాత ఇద్దరికీ కీమో కూడా ఒకే గురువారాల్లో పడింది. నోటికి ఏదీ సయించని రోజుల్లో కల్పలత చింతకాయ తొక్కు తెచ్చేది. సీతారత్నం మజ్జిగ తెచ్చేది. సూదిమందు ఎక్కుతున్నంతసేపూ వదినా అంటే వదినా అనుకుంటూ మాట్లాడుకునేవారు. ఇద్దరి జుట్టూ ఒకే వారంలో ఊడింది.

కీమో అయిపోయిన ఏడాదికి, ముక్కలిచ్చిన వాళ్లందరినీ పరిశోధన కేంద్రం వాళ్లు పిలిచారు. ఊర్మిళ తెలుగులోనే వివరించింది.

"ఇంతకుముందు గడ్డ ముక్క మొత్తం నూరి చూసేవాళ్లం. నూరిన పచ్చడిలో ఏ గింజ ఎట్లుండెనో ఎట్ల తెలుస్తది? ఇప్పుడు ఒక్కో కణాన్ని విడదీసి, అది ఏం పని చేస్తున్నదో విడివిడిగా చూస్తున్నం."

గోడకి పెద్ద పోస్టరు. ఒక్కో మనిషికి ఒక్కో బొమ్మ. అందులో చుక్క అంటే ఒక కణం. బూడిదరంగువి గడ్డ కణాలు, ఎర్రవి వాటిని చంపడానికి ఒంట్లోంచి వచ్చిన రక్షణ కణాలు. బొమ్మ కింద పేరు లేదు, నంబరే.

కల్పలత పదిహేడు వెతుక్కుంది. అంతా బూడిద. అంచున ఎక్కడో నాలుగు ఎర్రచుక్కలు. పక్కనే పద్దెనిమిది. కుంకుమ ఒలికినట్టు ఎర్రగా ఉంది.

"మీ నంబరెంత వదినా?" అని సీతారత్నం అడిగింది.

"యాద్ లేదు" అంది కల్పలత.

ఆ రోజు నుంచి సీతారత్నంలో ఏం చూసినా ఆమెకి ఒళ్లు మండేది. తిరిగి మొలిచిన జుట్టు ఆవిడకి ఉంగరాలు తిరిగి వచ్చింది, తనకి పీచులా వచ్చింది. ఆవిడ ఫోన్ చేసి వాకింగ్ సంగతి చెబితే, నడవక ఏం చేస్తది, లోపల అంతమంది కాపలా ఉంటే, అనుకునేది. గిన్నెలో గరిటె తిప్పుతూ కూడా ఆ ఎరుపే కళ్లముందు ఆడేది.

"ఒక్కటే గడ్డ, ఒక్కటే మందు" అని ఒకరోజు విజయేందర్‌తో అంది. "ఆమె ఒంట్లకు అన్ని వచ్చినయి. నా ఒంట్లకు ఎందుకు రాలే? నేనేం తక్కువ చేసిన?"

"అవి పిలిస్తే వచ్చేటివా లతా?" అన్నాడాయన.

ఆమెకి ఆ జవాబు చాలలేదు. చెకప్ గురువారం నుంచి శనివారానికి మార్పించుకుంది. సీతారత్నం ఫోన్లు ఎత్తడం మానేసింది. గిరాకీ ఎక్కువుందని ఒకసారి, ఫోన్ ఖరాబయిందని ఒకసారి చెప్పింది.

నాలుగు నెలలకి నరసరాజు ఫోన్ చేశాడు. "ఆవిడకి దగ్గు తగ్గట్లేదమ్మా. స్కాన్‌లో ఊపిరితిత్తి మీద ఏదో నీడ కనబడుతోందన్నారు. మీరొకసారి మాట్లాడితే ధైర్యంగా ఉంటుందని..."

వస్తానని చెప్పి ఫోన్ పెట్టేసింది. అప్పుడు ఆమెకి ముందుగా కలిగింది బాధ కాదు. గుండెలో చల్లగా అనిపించింది. పది సెకన్లేమో. తర్వాత తన మీద తనకే భయమేసి, స్టవ్ ఆపి స్టూల్ మీద కూలబడింది.

మర్నాడు పొద్దున బేగంపేట వెళ్లలేదు. నేరుగా ఊర్మిళ దగ్గరికి వెళ్లింది. "పద్దెనిమిదికి అన్ని ఎర్రచుక్కలున్నయి గదా. ఆమెకెట్ల తిరగబెడ్తది?" అని అడిగింది.

ఊర్మిళ ముఖం పాలిపోయింది. "మీ నంబర్లు మీకు తెలుసా? తెలియకుండ చూడాల్సింది. అది మా తప్పే." కుర్చీ చూపించి మళ్లీ అంది. "ఆమె ఆరోగ్యం గురించి నేను మాట్లాడొద్దు ఆంటీ. చుక్కల గురించి చెప్తా. ఎన్ని ఉన్నయన్నది ఒక్కటే చాలదు. కొన్ని కణాలు గడ్డతోటి కొట్లాడి కొట్లాడి అలసిపోతయి. లోపలే ఉంటయి గని పని చెయ్యవు. ఏవి అలసినయో, ఏవి చురుగ్గ ఉన్నయో ఇప్పుడిప్పుడే లెక్క తేలుస్తున్నం. ఇంకో మాట. మేం చూసింది పల్లీగింజంత ముక్క. దాన్ని బట్టి ఎవరు ఎన్నేళ్లు ఉంటరో చెప్పే తెలివి మాకింకా రాలే."

"మరి గోడకెందుకు పెట్టిన్రు?"

అలా అడిగి కల్పలత లేచి బయటికొచ్చేసింది.

ఆ సాయంత్రం కల్పలత బేగంపేట వెళ్లింది. సీతారత్నం దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది, బాగా చిక్కిపోయింది. కల్పలత కుర్చీ లాక్కుని కూర్చుంది కానీ, ఎట్లున్నవని అడగలేకపోయింది.

"నీ బొమ్మ జూసి నాకు కుళ్లు పుట్టింది వదినా" అంది. "అందుకే రాలే. నిన్న అన్న ఫోన్ చేస్తే, పాపిష్టిదాన్ని, జెర సంతోషమైంది."

సీతారత్నం దుప్పటి అంచు సర్దుకుంది.

"నా నంబరు పద్దెనిమిదని నాకు తెలుసండీ" అంది. "మీది పదిహేడనీ తెలుసు. మీ నోట వినాలనే అడిగాను ఆ రోజు. ఇంటికొచ్చి మీ అన్నయ్యగారితో, గండం నాకు గడిచింది, పాపం ఆవిడకే అన్నాను. పాపం అన్నానే గానీ, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది."

కల్పలతకి ఒక్కసారిగా కోపమొచ్చింది. తను చేసింది తప్పని అంతసేపూ కుమిలిపోయింది గాని, అవతలి మనిషి తన చావు మీద హాయిగా పడుకుందని విన్నాక కూర్చోలేకపోయింది. లేచి గుమ్మం దాకా వెళ్లింది. వెనక సీతారత్నానికి దగ్గు తెర వచ్చింది, ఆగలేదు. కల్పలత వెనక్కొచ్చి నీళ్లగ్లాసు అందించింది, వీపు నిమిరింది. దగ్గు ఆగినా వెంటనే వెళ్లలేదు.

ముక్క తీసి పరీక్షిస్తే ఆ నీడ క్యాన్సర్ కాదని తేలింది. టీబీ. ఆరునెలలు మందులు వాడితే పోయింది. కబురు తెలిసినప్పుడు కల్పలత నిజంగానే సంతోషించింది. మర్నాటికి ఆ సంతోషం పక్కన పాత మంట కూడా కొంచెం వచ్చి కూర్చుంది. అది పూర్తిగా పోలేదని ఆమే చెబుతుంది, సిగ్గుపడకుండా.

ఇప్పుడు వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకుంటున్నారు. స్కాన్‌లకు మాత్రం కలిసి వెళ్లరు. సీతారత్నమే ఒక పద్ధతి పెట్టింది. ఇద్దరి రిపోర్టులూ వచ్చేదాకా ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పకూడదు. పోయిన నెల కల్పలత రిపోర్టు మంగళవారం వచ్చింది, ఏమీ లేదని. సీతారత్నానిది శుక్రవారం. ఆ మధ్య మూడు రోజులూ కల్పలత ఫోన్ వైపు చూస్తూనే ఉంది. సీతారత్నానికి కూడా ఏమీ లేకపోతే బాగుండని రెండు రోజులు మొక్కుకుంది. మూడో రోజు ఏం కోరుకుందో విజయేందర్‌కి కూడా చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం ఫోన్ మోగింది. "ఏమీ లేదంట వదినా" అంది సీతారత్నం. "మీకో?"

"నాకు సుత ఏం లేదు" అంది కల్పలత, గోడకి ఆనుకుని.