జంధ్యానికి కట్టిన తాళంచెవి

ఆస్ట్రేలియాలోని టూవూంబా చుట్టుపక్కల యాభై మైళ్ల దూరంలో ఏ ఆవుకు కడుపు ఉబ్బినా, ఏ గుర్రం కుంటినా శేషగిరికే ఫోను వస్తుంది. గన్నవరంలో పశువైద్యం చదివి, ఇక్కడ మళ్లీ పరీక్షలు రాసి, ఇరవై ఏళ్లుగా ఆ పనే చేస్తున్నాడు. మనిషి పొట్టి, గొంతు చిన్నది, భయాలు మాత్రం పెద్దవి. దీపావళి నాడు కాకరపువ్వొత్తిని కూడా చెయ్యి బారుగా చాపి, మొహం పక్కకు తిప్పుకుని కాలుస్తాడు. అలాంటివాడు యాభై రెండో ఏట తుపాకీ కొన్నాడంటే ఊళ్లోని తెలుగువాళ్లు ముందు నమ్మలేదు. నమ్మాక నవ్వు ఆపుకోలేదు.

నవ్వడానికేం, ఎవరైనా నవ్వుతారు. కారణం మాత్రం నవ్వే సంగతి కాదు. అంతకు ముందు ఎండాకాలంలో ఒక ఆడగుర్రం ముళ్లకంచెలో చిక్కుకుని రెండు కాళ్లూ విరగ్గొట్టుకుంది. నొప్పికి పిచ్చెత్తిపోయి, దగ్గరకు వచ్చినవాణ్ణల్లా తన్నుతోంది. సూది పట్టుకుని పక్కకు చేరే దారి లేదు. తుపాకీ ఉన్న పొరుగు రైతు ఎక్కడో సంతలో ఉన్నాడు. అతను వచ్చేదాకా రెండు గంటలపాటు శేషగిరి ఆ గుర్రానికి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"నా దగ్గర ఉండాల్సిన వస్తువు లేక అది నరకం చూసింది వసంతా. ఇంకోసారి ఇలా జరగనివ్వను" అన్నాడు భార్యతో. వసంత ఆస్పత్రిలో నర్సు. ప్రాణం పోవడం ఆలస్యమైతే ఎలా ఉంటుందో ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. "సరే, కొనండి" అంది.

ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత మూడు నెలలు బాధపడింది. శేషగిరి లైసెన్సు తరగతులకు వెళ్లి, అందరికంటే ముందు వరసలో కూర్చుని, నోట్సు రాసుకుని, అనుమతి కాగితం తెచ్చుకున్నాడు. అక్కణ్ణించి ఎంపిక మొదలైంది. కంప్యూటర్లో పెద్ద పట్టిక వేశాడు. బరువెంత, పొడుగెంత, చప్పుడెంత అని గళ్లు. చప్పుడు గడికి ఎర్ర రంగు.

తుపాకుల దుకాణం యజమాని మూడు రకాలు బల్లమీద పెట్టాడు. "ఇది దానంతటదే పేలదు కదా?" అని అడిగాడు శేషగిరి. నలభై ఏళ్లలో ఏదీ దానంతటది పేలలేదని, ప్రతిసారీ ఎవడో ఒక మనిషి అవసరమయ్యాడని చెప్పాడు ఆ పెద్దాయన. శేషగిరి ఆ మాట కూడా రాసుకున్నాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ వచ్చాడు.

"నన్ను చూడ్డానికొచ్చి పావుగంటలో సరేనన్నారు. ఆ తుపాకీ ఏం చేసిందండీ పాపం, దాన్నిన్నిసార్లు పెళ్లిచూపులకి కూర్చోబెడుతున్నారు?" అంది వసంత.

చివరికి అతనికో ఆలోచన వచ్చింది. ముందు పెట్టె, తర్వాత తుపాకీ. రైతుల దగ్గరకు వెళ్లే యూట్ బండిలో, అదే వెనక సామాన్ల తొట్టి ఉండే కారులో, వెనక సీటు కింద ఎంత చోటుందో టేపుతో కొలిచి, ఆ కొలతకు మందపాటి ఇనప్పెట్టె చేయించి, బండి నేలకు బోల్టులతో బిగించాడు. తూటాలకు వేరే చిన్న పెట్టె, దానికి వేరే తాళం. తుపాకీలోంచి ఊడదీసిన బోల్టు, అంటే తూటాను పేల్చే కడ్డీ, కూడా ఆ చిన్న పెట్టెలోనే. అన్నిటి పైనా ఒక పాత దుప్పటి, దాని మీద రబ్బరు బూట్లు. ఇంత చేశాక, ఆ పెట్టెలో పట్టే తుపాకీ కొన్నాడు. చెప్పుల పెట్టె ముందు కొని దానికి సరిపడే చెప్పుల కోసం తిరిగినవాణ్ణి ఇప్పుడే చూశానన్నాడు దుకాణం పెద్దాయన. అయినా ఆ పద్ధతే మంచిదని ఒప్పుకున్నాడు. రాత్రిళ్లు తుపాకీ బండిలో ఉండేది కాదు. ఇంట్లో గోడకు బిగించిన పెద్ద బీరువాలోకి పోయేది.

ఇక తాళంచెవి. చిన్న పెట్టె తాళానికి అంకెలున్నాయి, అవి అతని బుర్రలో ఉన్నాయి. పెద్ద పెట్టెది మాత్రం తాళంచెవే. అది లైసెన్సు ఉన్నవాడి దగ్గరే ఉండాలి, ఇంకొకరి చేతికి చిక్కకూడదు. చొక్కా జేబులో పెడితే దూడను బయటికి లాగడానికి వంగినప్పుడు పేడలో పడింది. ప్యాంటు జేబులో పెడితే ఆ ప్యాంటు వాషింగ్ మెషీన్లోకి వెళ్లింది. వసంత తీసి ఇవ్వబోతే, "ముట్టుకోకు, చట్టం ఒప్పుకోదు!" అని అరిచాడు.

"ఇన్నేళ్లూ మీ జేబులు నేనే వెతికాను. ఇవాళ కొత్తగా చట్టం వచ్చిందా?" అంది వసంత.

అప్పుడు శేషగిరికి తాతగారు గుర్తొచ్చారు. బాపట్ల దగ్గర వాళ్ల ఊళ్లో తాతగారు ఇనప్పెట్టె తాళంచెవిని జంధ్యానికి ముడేసుకుని తిరిగేవారు. స్నానంలోనూ అదే, నిద్రలోనూ అదే. ఇంతకంటే భద్రమైన చోటు ఏ ప్రభుత్వం కనిపెట్టింది? ఆ రోజే శేషగిరి తాళంచెవిని జంధ్యానికి కట్టేశాడు. రెండో తాళంచెవి ఇంట్లో ఉంటే ఎవరికైనా దొరుకుతుందని బ్యాంకు లాకర్లో పెట్టాడు.

తనిఖీకి పోలీసు సార్జెంట్ కెల్లీ అనే ఆవిడ వచ్చింది. పెట్టె లాగి చూసింది, బోల్టులు కదిపి చూసింది, తృప్తిగా తలూపింది. తాళంచెవి ఎక్కడని అడిగింది. శేషగిరి మొహమాటపడుతూ చొక్కా గుండీలు రెండు విప్పి, దారం పైకి లాగి చూపించాడు. ఇది ఎప్పుడైనా ఒంటి మీంచి తీస్తారా అని అడిగింది. ప్రాణం పోయినా తీయనన్నాడు. ఆవిడ అదే మాట కాగితం మీద రాసుకుని, ఇంత మంచి ఏర్పాటు తను చూడలేదని చెప్పి వెళ్లింది. శేషగిరి వారం రోజులు పొంగిపోయాడు.

ప్రాణం పోయినా తీయడు, నిజమే. శ్రావణ పూర్ణిమ వస్తే మాత్రం తీస్తాడు. ఏడాదికోసారి పాత జంధ్యం తీసి కొత్తది వేసుకునే రోజది. ఆ సంగతి సార్జెంటుకు తెలియదు సరే, శేషగిరికి ఏమైందో మరి!

ఆ పూర్ణిమ శనివారం వచ్చింది. యూనివర్సిటీలో లెక్కలు చెప్పి రిటైరైన నాగభూషణం మాస్టారు తమ ఇంట్లోనే తొమ్మిది మందిని కూర్చోబెట్టి జంధ్యాలు మార్పించారు. శేషగిరికి ఆ రోజు అత్యవసర డ్యూటీ. తుపాకీ పెట్టెలో ఉంది, బండి కిటికీకి ఎదురుగా ఉంది. అతని నోరు మంత్రం చెబుతున్నా కళ్లు బండి మీదే, చెవులు ఫోను మీదే. మాస్టారు కొత్తది వేసుకోమంటే వేసుకున్నాడు, పాతది తీయమంటే తీశాడు. తీసినవి తొక్కకూడదని మాస్టారు అన్నీ ఒక గుడ్డసంచిలో వేసుకున్నారు. పారే నీళ్లలో వదలాలి. ఊళ్లో వాగులు ఎండిపోయాయి కనుక ఘాట్ రోడ్డు దిగి లోయలోకి వెళ్లి వదిలి వస్తానన్నారు.

పన్నెండున్నరకు శేషగిరి తన ఇంట్లో పులిహోర రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా ఫోను మోగింది. లోయలో ఆవుల్ని పెంచే గ్రాహం అనే రైతు. ఆవు రోడ్డెక్కి లారీ కింద పడిందట. నడుం విరిగింది, లేవలేదు, దగ్గరకెళితే కొమ్ములు విసురుతోంది. త్వరగా రా అన్నాడు. శేషగిరి లేచి, చెయ్యి కడుక్కుంటూ, అలవాటుగా ఛాతీ తడుముకున్నాడు. కొత్త దారం మెత్తగా తగిలింది. ఇంకేమీ తగల్లేదు.

"వసంతా! తాళంచెవి!"

"నన్ను ముట్టుకోవద్దన్నారుగా" అంటూ వచ్చిన వసంత అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. "లాకర్లో రెండోది ఉందిగా?"

"శనివారం వసంతా. బ్యాంకు లేదు."

మాస్టారికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఆయన భార్య రత్నకుమారి ఎత్తారు. "ఫోను ఇంట్లోనే పెట్టి వెళ్లారు నాయనా. లోయలో వంతెన దగ్గరట. ఏవిటీ, ఏమైంది?" అని ఆవిడ అడుగుతుండగానే శేషగిరి బండి వీధి మలుపు తిరిగింది. తాళంచెవి లేని తుపాకీ వెనక సీటు కింద భద్రంగా ఉంది. ఆస్ట్రేలియా ఖండం మొత్తంలో అంత భద్రంగా ఉన్న తుపాకీ ఇంకోటి ఉండి ఉండదు.

వంతెన కింద నీళ్ల అంచున నాగభూషణం మాస్టారు పంచె ఎగ్గట్టి నిలబడి ఉన్నారు. ఏ పనీ తొందరగా చేసే మనిషి కాదు. ఒక్కో జంధ్యం తీసి, కళ్లకద్దుకుని, శ్లోకం చెప్పి, నీళ్లలో వదిలి, అది కనిపించనంత దూరం పోయాక ఇంకోటి తీస్తున్నారు. ఆ నిదానమే ఆ రోజు శేషగిరి పరువు కాపాడింది.

"మాస్టారూ! ఆపండి! వదలకండి!" అని అరుస్తూ శేషగిరి గట్టు మీంచి జారుతూ వచ్చాడు.

"రావయ్యా, నువ్వూ వచ్చావా? పుణ్యం" అన్నారు మాస్టారు. శేషగిరి సంచి లాక్కుని గడ్డి మీద బోర్లించాడు. మిగిలిన నాలుగూ ఒకదానితో ఒకటి చుట్టుకుని ఉన్నాయి. మూడోదానికి తాళంచెవి వేలాడుతోంది. గబగబా ముడి విప్పి తాళంచెవి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"దేని తాళమయ్యా అది?"

"తుపాకీదండీ."

మాస్టారు ఒక అడుగు నీళ్లలోకి వేశారు. "తుపాకీ తాళం నా సంచిలో ఉందా? పొద్దుట్నించీ నా ఒళ్లో పెట్టుకుని డ్రైవ్ చేశానా? ఎవర్ని కాల్చడానికయ్యా?"

"ఆవుని."

మాస్టారు గడ్డి మీది జంధ్యాలు మళ్లీ సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని గట్టెక్కి నేరుగా శేషగిరి బండిలో కూర్చున్నారు. దారంతా మాట్లాడుతూనే ఉన్నారు. "ఇవాళ శ్రావణ పూర్ణిమ. కొత్త జంధ్యం వేసుకుని మూడు గంటలు దాటిందో లేదో. గోవుని కాలుస్తావా? నేనొప్పుకోను శేషగిరీ. ఇంకో డాక్టర్ని పిలువు. లేదా రేపు సండే చెయ్యి. ఐయామ్ సీరియస్." శేషగిరి గడియారం చూసుకుంటున్నాడు.

కంచె పక్కన గుంటలో ఆవు పడి ఉంది. ఎర్రావు, నుదుట తెల్లమచ్చ. ముందుకాళ్ల మీద లేవబోతుంది, వెనకభాగం కదలదు, మళ్లీ కూలుతుంది. కూలిన ప్రతిసారీ దాని గొంతులోంచి వచ్చే చప్పుడు బండి అద్దాలు దాటి వినిపించింది. నురగతో దాని మూతి తెల్లబడిపోయింది. గ్రాహం చేతులు నలుపుకుంటూ దూరంగా నిలబడ్డాడు.

ఆవు మూడోసారి లేవబోయింది. మాస్టారు కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు.

"ఏం చూస్తున్నావయ్యా? కానీయ్. తొందరగా కానీయ్" అన్నారు.

శేషగిరి పెట్టె తెరిచాడు, రెండోదీ తెరిచాడు. బోల్టు అమర్చి తూటా పెట్టాడు. గ్రాహాన్ని వెనక్కి జరగమన్నాడు. మాస్టారిని బండి దిగొద్దన్నాడు. ఆయన దిగలేదు. కానీ అద్దం దించి తల బయట పెట్టి, పోయే ప్రాణానికి చెవిలో చెప్పవలసిన పేరు ఇరవై గజాల అవతలికి వినబడేలా చెప్పడం మొదలుపెట్టారు. "నారాయణ! నారాయణ!" ఏభై ఏళ్లు క్లాసురూముల్లో అరిచిన గొంతు అది. అదేమిటో గ్రాహానికి అర్థం కాలేదు, అయినా టోపీ తీసేశాడు.

దీపావళికి మొహం తిప్పుకునే మనిషి ఇప్పుడు తిప్పుకోలేదు. ఒక్కటే చప్పుడు. ఆ తర్వాత గాలి తప్ప ఏమీ లేదు.

అతను దగ్గరకు వెళ్లి కంటి మీద వేలు పెట్టి చూసి, అలాగే కాసేపు ఆ తెల్లమచ్చ మీద చెయ్యి ఉంచాడు. తర్వాత తుపాకీ ఖాళీ చేసి, బోల్టు తీసి, దేని పెట్టెలో దాన్ని పెట్టి, తాళాలు వేసి, రెండేసి సార్లు లాగి చూశాడు. అప్పుడు సార్జెంట్ కెల్లీకి ఫోను చేశాడు.

"ఎందుకయ్యా, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు మాస్టారు గొంతు తగ్గించి.

"నాకు తెలుసు కదండీ" అన్నాడు శేషగిరి.

పది గంటల నుంచి ఒంటిగంటా ఐదు దాకా తాళంచెవి తన దగ్గర లేదని, జంధ్యంతో పాటు వేరొకరి సంచిలో పడిందని, ఆ పెద్దమనిషికి అదేమిటో తెలియదని వరసగా చెప్పాడు. ఆవిడ అంతా విని, సోమవారం తాళం మార్చేసి కొత్తది తనకు చూపించమంది. ఈసారికి హెచ్చరికతో సరిపెడతానని, జరిగింది మాత్రం రికార్డులో రాయక తప్పదని చెప్పింది. ఇంకేమైనా చేర్చాలా అని అడిగింది.

"చేర్చాలి. ఆవు ముప్ఫై ఐదు నిమిషాల్లో పోవాల్సింది. నా మూలంగా యాభై నిమిషాలు పడింది. అదీ రాయండి" అన్నాడు శేషగిరి.

అలాంటిది రాయడానికి తమ ఫారంలో గడి లేదంది సార్జెంటు.

"ఫర్వాలేదు. మార్జిన్లో రాయండి" అన్నాడు శేషగిరి.