చేపల పెట్టెలోని ఐసు

భోగాపురం తీరానికి పడవలు చేరగానే వేలంలో చేపలు పాడుకుని, ఐసు పెట్టెలో సర్ది, విజయనగరంలో అమ్ముకోవడం అసిరమ్మ జీవనం. భర్త గతించాక ఇల్లు నడిపింది ఆ పెట్టెయే.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఆమె పెట్టెను ఆటోలోకి ఎక్కించబోతుండగా, సమీపంలోని రిసార్టులో పార్టీకి వెళ్లిన కొడుకు దేవేంద్రను స్నేహితుడు వినోద్ మోసుకొచ్చి వలల కుప్ప మీద పడుకోబెట్టాడు. కుర్రవాడు వణుకుతున్నాడు, దవడలు బిగుసుకుపోయాయి. స్నానానికి దిగితే అల కొట్టిందని వినోద్ చెప్పాడు.

సముద్రం నుంచి వణుకుతూ వచ్చినవాడికి వెచ్చదనం ఇవ్వడమే ఆ వాడలో తరతరాల వైద్యం. చుట్టూ చేరినవాళ్లు క్షణాల్లో దుప్పట్లు కప్పారు, కుంపటి రాజేశారు. కొడుకు తల నిమురుతున్న అసిరమ్మ చెయ్యి ఆగిపోయింది. అల కొట్టినవాడి జుట్టు నిండా ఇసుక ఉంటుంది. ఇక్కడ రేణువు లేదు. చొక్కా తడిసింది చెమటతో. ఒళ్లు పెనంలా కాలుతోంది.

"ఒరే వినోదూ, ఏటి తిన్నార్రా? నిజిం సెప్పు."

పోలీసులొస్తారని వాడు నసిగాడు.

"ఆల్లకి నాను సెప్పుకుంతాను. ఈడి పేనం పోతే ఎవులు తెస్తారు?"

"బిళ్లలేసుకున్నాం అత్తా. నాను సగమే మింగినాను, ఆడు రెండేసుకున్నాడు. ఎంత డేన్సు ఆడినా అలుపు రాదన్నారు, పార్టీలో ఇచ్చినోల్లు."

వినోద్ 108కు ఫోను చేసి ఆ మాటే చెప్పాడు. దుప్పట్లు తీసి వెంటనే ఒళ్లు చల్లబరచమన్నారు అవతలివారు. అసిరమ్మ పెట్టెను బోర్లించింది. చేపలు ఇసుకపాలయ్యాయి. ఐసును తడిగుడ్డల్లో చుట్టి కొడుకు మెడకూ చంకలకూ అదిమిపట్టింది. అంబులెన్సు వచ్చేసరికి వణుకు సడలింది.

బిళ్ల మత్తులో, ఎండలో ఆగకుండా గంతులేయడం వల్ల ఒంట్లో వేడి పెరిగి, కండరాలు చితికి, మూత్రపిండాలు దెబ్బతిన్నాయని ఆసుపత్రిలో డాక్టరు వివరించాడు. దాచకుండా చెప్పడమూ, చల్లబరచడమూ బతికించాయన్నాడు. కొన్నాళ్లు డయాలసిస్ తప్పలేదు. ఏప్రిల్ మధ్యలో మొదలై రెండు నెలలుండే వేట నిషేధపు రోజులన్నీ దేవేంద్ర కోలుకోవడానికే సరిపోయాయి. మళ్లీ రిసార్టు పార్టీకి పిలవవచ్చిన కుర్రాళ్లను ఈసారి వినోదే వెనక్కు పంపాడు.

నిషేధం తొలగిన తొలి ఉదయాన, డాక్టరు అనుమతితో, దేవేంద్ర మళ్లీ పడవ చుక్కాని పట్టి వేటకెళ్లాడు. పడవలు తిరిగొచ్చే వేళకు ఒడ్డున అసిరమ్మ పెట్టె నిండా ఐసు పోయించుకుంటుంటే ఒక వ్యాపారి నవ్వాడు.

"ఏటి అసిరమ్మా, ఆ ఐసు సేపలకా, కొడుక్కా?"

"ఇయ్యాల సేపలకే," అన్నదామె, సముద్రం మీంచి చూపు తిప్పకుండా. "కొడుకు అల్లదిగో, పడవ తెస్తన్నాడు."