గోడలో దిగిన మోచెయ్యి

గెంట్ ఊళ్ళో ఇరవై ఎనిమిదేళ్ళు ట్రామ్ నడిపి రిటైరైన లీవె మొగుడు రూడిని వదిలేసింది గానీ అత్తగారిని వదల్లేదు. విడాకులయ్యాక రూడి కాలవ అవతల అద్దె ఇంటికి పోతుంటే, వాళ్ళమ్మ ఇర్మా సామాను సర్దుకోలేదు సరికదా, కుర్చీలోంచి లేవను కూడా లేదు. కొడుకు వంట తినలేనని, ఇక్కడే ఉంటానని చెప్పేసింది. పదకొండేళ్ళయింది. ఇద్దరూ రోజూ పోట్లాడుకుంటారు, రోజూ కలిసే బీరు తాగుతారు.

మార్చిలో ఒక పొద్దున, ఎనభై నాలుగేళ్ళ ఇర్మా షవర్ కింద పాదం రుద్దుకోబోతూ గోడకి ఆనుకుంది. మోచెయ్యి టైల్స్‌తో సహా లోపలికి దిగిపోయింది. చప్పుడు విని లీవె పరుగెత్తుకొచ్చేసరికి ముసలావిడ చెయ్యి గోడలో, మిగతా ఒళ్ళు సబ్బు నురగలో ఉంది. దెబ్బేం తగల్లేదు.

"లోపల మెత్తగా ఉందే," అంది ఇర్మా. "తడిసిన రొట్టెలాగా."

ఆ గోడ పంతొమ్మిదేళ్ళ కిందట రూడి చేసిందే. ఊళ్ళో పేరున్న టైల్స్ మేస్త్రీ అతను. లీవె ఉలితో నాలుగు టైల్స్ లేపి చూసింది. వెనకాల మామూలు జిప్సమ్ బోర్డు. దానిమీద నీళ్ళు ఆపే పూత చుక్క కూడా లేదు. సందుల్లోంచి దిగిన నీళ్ళు ఇన్నేళ్ళూ తాగి తాగి బోర్డు జావైపోయింది. నల్లటి బూజు. వాసన మాత్రం రూడి సాక్సులకంటే నయం.

అతనికి ఫోన్ చేస్తానంది లీవె. ఇర్మా ఒప్పుకోలేదు.

"వాణ్ణి కన్నదాన్ని, వాడి సంగతి నాకు తెలీదా? మళ్ళీ అదే కడతాడు. నువ్వే చెయ్యవే. ట్రామ్ నడిపినదానివి, గోడ ఎక్కడికీ కదలదు కూడాను."

"ట్రామ్‌కి పట్టాలుంటాయి, అత్తయ్యా," అంది లీవె. అన్నా మొదలుపెట్టింది.

కుళ్ళిన బోర్డంతా కోసి సంచుల్లో మోసింది. చట్రంలో పుచ్చిన రెండు కొయ్యలు మార్చింది. ఫ్యాన్ పెట్టి మూడు వారాలు ఆరనిచ్చింది. ఆ మూడు వారాలూ అత్తాకోడళ్ళు ఈతకొలను దగ్గర షవర్లలో స్నానం చేశారు. కొలనులో దిగరా అని గేటు దగ్గరావిడ అడిగితే, తనని ముంచే పని చిన్నప్పుడే చర్చిలో బాప్తిస్మంతో అయిపోయిందంది ఇర్మా.

తర్వాత సిమెంట్ బోర్డు బిగించి, మూలలకి పట్టీ అంటించి, వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు పూసి, ఆకుపచ్చ టైల్స్ అతికింది. మొదటి వరుస వంకరపోతే పీకి మళ్ళీ పెట్టింది. మొగుడు పనిలో తిట్టే బూతులన్నీ తనకి కంఠతా వచ్చేశాయని ఆ రోజే తెలిసింది.

నెలకోసారి సూప్ తాగడానికొచ్చే రూడి ఆ ఆదివారం వచ్చాడు. గోడ చూశాడు. వేలి కణుపుతో ఒక్కో టైలూ తట్టాడు. మూడో వరుసలో ఒకటి డొల్లగా మోగింది.

"ఇది సరిగా అతకలేదు," అన్నాడు.

"నీదైతే గోడే అతకలేదురా," అంది తల్లి.

లీవె కుళ్ళిన బోర్డు ముక్కొకటి తెచ్చి అతని సూప్ గిన్నె పక్కన పెట్టింది. రూడి గిన్నె పక్కకి జరుపుకున్నాడు. ఆ ఏడు పనులు మీదపడ్డాయని నసిగాడు. చివరికి, ఈ వీధిలోనే ఇంకో నాలుగిళ్ళకి స్నానాలగది గోడలు అలాగే కట్టానని ఒప్పుకున్నాడు.

ఇర్మా చెంచా కింద పెట్టి, ఎవరెవరివో చెప్పమంది. రెండో ఇల్లు చర్చి ఫాదర్‌గారిది.

"ఆయన నూట ఇరవై కిలోలుంటాడు," అంది ఇర్మా. "ఆనుకున్నాడంటే పక్కింట్లో తేలతాడు."

సోమవారం పొద్దున్నే లీవె పనిముట్ల సంచి సైకిలుకి తగిలించుకుని వెళ్ళి ఫాదర్‌గారి తలుపు తట్టింది. వెనకాలే సిమెంట్ బోర్డులు మోసుకుంటూ రూడి వచ్చాడు. తలుపు తెరుచుకుంది. అతను బోర్డులు కింద దించాడు. లీవె చెప్పింది.

"మీ మేస్త్రీ తన పాపం ఒప్పుకోడానికొచ్చాడు, ఫాదర్. ముందు మీ స్నానాలగది చూపించండి."