రాగి తీగ పనికి పోయిన పిల్ల

కొత్తగూడెంలో రైలు పట్టాల అవతల ఒక బస్తీ ఉండేది. పేరు చెప్పను. చెప్తే ఇప్పటికీ ముఖం పక్కకు తిప్పుకునేవాళ్లున్నారు. రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో ఆ బస్తీ పిల్లలకు పని నేర్పించి, ఎక్కడో ఒకచోట పనిలో పెట్టించడం నా ఉద్యోగం. చర్చి వెనక రెండు గదులే మా సెంటర్. ఒకదాంట్లో కుట్టు మిషన్లు, ఇంకోదాంట్లో కరెంటు పని.

అక్కడ దొంగతనాలు లేవని నేను అనను. వ్యాగన్ల మీంచి బొగ్గు దించేవాళ్లు, గుడుంబా కాచేవాళ్లు, పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీసేవాళ్లు ఉన్నారు. కానీ చుట్టుపక్కల ఎక్కడ ఏది పోయినా పోలీసు జీపు మొదట అక్కడికే వచ్చేది. ఏమీ ఎరగని పిల్లల్ని కూడా ఎక్కించుకుపోయి, రెండు రోజులు కూర్చోబెట్టి వదిలేవాళ్లు. స్టేషన్ మెట్లెక్కినవాడికి ఏ షాపులో పని దొరుకుతుంది? పని దొరకనివాడు బొగ్గు వ్యాగన్ ఎక్కక ఏం చేస్తాడు? ఈ మాట నేను పెద్దమనుషుల ముందు ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఒక ఎండాకాలం పంతొమ్మిదేళ్ల పిల్ల వచ్చింది. అన్న రాగి కేసులో జైల్లో ఉన్నాడు. కుట్టు మిషన్ల వైపు కన్నెత్తి చూడలేదు.

"నాకు మోటర్ వైండింగ్ నేర్పించున్రి అక్కా," అంది.

కాలిపోయిన వ్యవసాయ మోటర్లలో పాత తీగ పీకేసి కొత్త రాగి తీగ చుట్టే పని అది. కరెంటు సరిగ్గా రాక మోటర్లు ఎడాపెడా కాలిపోతున్న రోజులు. పనికి కరువు లేదు. కానీ కరెంటు పని నేర్పే మా మాస్టారు నన్ను పక్కకు పిలిచి, "రాగి కేసున్న ఇంటి పిల్లకు రాగి పనా? ఎవడు పెట్టుకుంటడమ్మా?" అన్నాడు.

ఆమె వింది. "మా ఇంట్ల ఒకడు రాగి తెంపిండు. నేను చుడ్త. అంతే గద సార్," అంది.

నాలుగు నెలల్లో నేర్చుకుంది. ఆమె చుట్టిన కాయిల్ చూసి మాస్టారు తన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. వంక దొరకలేదు.

షాపుల్లో మాత్రం ఆమెలోనే వంకలు దొరికాయి. మూడు చోట్లకు తీసుకెళ్లాను. ఒకాయన ఆడపిల్ల అన్నాడు, ఇద్దరు బస్తీ పేరు వినగానే చేతులు జోడించారు. నాలుగో చోటికి దరఖాస్తు రాయించేటప్పుడు నేనే చిన్నబుద్ధి చూపించాను. "మీ మేనత్తది పాల్వంచ గద, ఆ అడ్రసు రాయి," అన్నాను.

ఆమె పెన్ను కింద పెట్టింది. "అబద్ధం చెప్పి దొరికిన పని, అది బయటపడ్డ నాడు పోతది అక్కా. నన్ను గట్ల పనిల పెట్టకు."

నాకు తల కొట్టేసినట్టయింది. బస్తీ పేరే రాశాం.

ఆ నాలుగో షాపు భద్రాచలం పోయే దారిలో ఒక చిన్న ఊళ్లో ఉంది. నాట్ల సమయం. అడవి అంచు పల్లెల నుంచి వచ్చిన మోటర్లు గుమ్మం దాటి రోడ్డు దాకా పడి ఉన్నాయి. సేటు కాగితం చదివి, ఆ మోటర్ల వైపు చూసి, "రేపట్నుంచి రమ్మను," అన్నాడు. మనసుతో కాదు, అవసరంతో. మాకు అది చాలు.

ఆరు వారాలు బాగానే గడిచింది. తర్వాత ఒక మధ్యాహ్నం సెంటర్‌కు ఫోన్ వచ్చింది. షాపులో పాత రాగి మూట ఒకటి పోయింది. ఆమెను స్టేషన్‌కు తీసుకుపోయారు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, తీసిందేమో అని నాకొక ఆలోచన వచ్చింది. ఎంతసేపో ఉండలేదు. కానీ వచ్చింది. ఈ మాట ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు.

స్టేషన్ వరండాలో నేల మీద కూర్చుని ఉంది. సేటు, షాపు చూసుకునే ఆయన బామ్మర్ది లోపల బెంచీ మీద ఉన్నారు. నేను లోపలికి పోయి, "ఆడ కానిస్టేబుల్ లేకుండ ఆడపిల్లను ఎట్ల కూసోబెట్టిన్రు సార్?" అని అడిగాను. ఒక పోలీసాయన తెల్లకాగితం నా ముందుకు తోశాడు. "ఇకముందు ఇట్ల చెయ్యదని పూచీ రాసిచ్చి తీసుకపో."

"ఇకముందు అంటే ఇంతకుముందు చేసినట్టే గద సార్. నేను రాయ."

ఆయన గొంతు పెంచాడు. నేను కాగితం వెనక్కి తోశాను. బతిమాలదామని నోరు తెరిచాను కూడా. అంతలో వరండాలోంచి ఆమె లేచి వచ్చింది.

"బతిమాలకు అక్కా. సార్, కేసు రాయున్రి. రాసేటప్పుడు షాపుల పనిచేసే నలుగురి పేర్లు రాయున్రి. రాగి పెట్టే అర్ర తాళం చెవి ఎవరి దగ్గరుంటదో అది గూడ రాయున్రి. నా దగ్గరైతే ఉండదు."

సేటు తన బామ్మర్ది వైపు చూశాడు. బామ్మర్ది గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. సేటు లేచి, "కేసొద్దులే సార్, మేం చూసుకుంటం," అన్నాడు.

బయటికొచ్చాక, ఇంకో షాపు వెతుకుదాం అన్నాను.

"ఇప్పుడు మానేస్తే నేనే తీసినట్టయితది. రేపు తొమ్మిదింటికి పోత."

పోయింది. నేనూ వెంట పోయాను. సేటు తల ఎత్తలేదు, పొమ్మననూ లేదు. ఆమె తన చోట కూర్చుని ఒక మోటర్ విప్పడం మొదలుపెట్టింది. మిగతా పనివాళ్లు గుసగుసలాడుకున్నారు. మోటర్ భుజాన మోసుకొచ్చిన ఒక కోయ రైతు గుమ్మంలో నిలబడి, "మొన్న మా తమ్మునిది ఈ పిల్లే చుట్టింది. మంచిగ నడుస్తాంది. నాది గూడ ఆమెకే ఇయ్యి సేటు," అన్నాడు. ఆయనకు ఏ మూట సంగతీ తెలియదు. ఆమె వంగి పని చేస్తూనే మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

మూట దొరకలేదు. పది రోజులకు బామ్మర్ది షాపుకు రావడం మానేశాడు. ఎందుకని ఎవరూ చెప్పలేదు. తప్పయిందని ఎవరూ అనలేదు. ఆమె అక్కడే మూడేళ్లు పనిచేసింది.

అందరి కథా ఇట్లా తేలలేదు. ఆమె అన్న జైలు నుంచి వచ్చాక అతన్నీ షాపుల చుట్టూ తిప్పాను. కంకర మిషన్‌లో కొన్నాళ్లు చేశాడు, తర్వాత ఎటో పోయాడు. ఒకసారి సెంటర్ చూడటానికొచ్చిన పెద్దాయన, "దొంగలకు కరెంటు పని నేర్పిస్తే ఇంకా పెద్ద దొంగలవుతారమ్మా," అని నవ్వాడు. నేను నవ్వలేదు. "మీ ఇంట్ల ఫ్యాన్ బిగించింది మా పిల్లడే సార్. ఏమన్నా పోయిందా?" అన్నాను. ఆయన మళ్లీ రాలేదు.

మూట పోయిన మరుసటి సంవత్సరం, ఆదివారాలు సెంటర్‌కు వచ్చి పిల్లలకు వైండింగ్ నేర్పమని ఆమెను అడిగాను. మొదటిరోజు ఒక తల్లి కూతుర్ని గుమ్మం బయటే పట్టుకుని నిలబడింది. "మా పిల్ల చేతిల రాగి పెడితే, రేపు ఏదన్నా పోతే దీన్నే పట్టుకుంటరు గద బిడ్డా?"

"అవ్, పట్టుకుంటరమ్మా," అంది ఆమె. "పట్టుకున్న నాడు ఏం మాట్లాడాల్నో గూడ నేర్పిస్త. లోపలికి పంపు."

తల్లి కూతురి చెయ్యి వదిలింది.