డాక్టరు గారి అరచెయ్యి

ఆయన చదివింది ఎనిమిదో తరగతి. అయినా లిఫ్టులు బిగించే పనివాళ్ళంతా ఆయన్ని డాక్టరు అనే పిలుస్తారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన యంత్రానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు. నిమిషం తర్వాత ఏ రోలరు అరిగిందో, ఏ బోల్టు వదులైందో చెప్తాడు. విప్పి చూస్తే అదే. ముప్ఫై ఏళ్ళలో తన మాట తప్పిపోయింది మూడుసార్లేనట. ఆ మూడూ ఏ భవనాల్లోనో అడక్కుండానే చెప్పాడు నాకు.

యాభై రెండో ఏట మొదటిసారి విమానం ఎక్కాడు. పరాయి దేశంలో ఒక మహానగరం, అందులో పన్నెండంతస్తుల కొత్త ఆసుపత్రి, దానికి నాలుగు లిఫ్టులు. మూడు నెలల పని. మోతలకూ ఎత్తడాలకూ అక్కడి మనుషులున్నారు. ఇక్కడి నుంచి వెళ్ళింది ముగ్గురే: ఈయన, ఇరవయ్యేళ్ళుగా ఈయనతో పనిచేస్తున్న వెల్డరు, వాళ్ళ మీద ఇంజనీరమ్మ. ఆవిడ వయసు ఈయన పెద్దకూతురి వయసు. వెల్డరుకీ ఈయనకీ ఏ చుట్టరికమూ లేదు, కానీ బావా అంటే బావా అనుకోవడమే.

ఇంజనీరమ్మకు ఒక పద్ధతి ఉంది. లిఫ్టు పూర్తయ్యాక కొలతలన్నీ సరిపోయినా, డాక్టరు ఒకసారి విని “బాగుంది” అనాలి. అప్పుడే కాగితం మీద సంతకం పెట్టేది.

ఆవిడకు తెలియనిదేమంటే, ఆర్నెల్లుగా డాక్టరుకు సన్నటి చప్పుళ్ళు వినబడటం లేదు. మొదట కనిపెట్టింది భార్య. ఆయన పొయ్యి పక్కనే పేపరు చదువుతుంటే కుక్కరు కూసి కూసి అడుగంటిపోయింది. ఎవరికీ చెప్పనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. “చెవితో బతికేవాడికి చెవుడొచ్చిందని తెలిస్తే ఇంకెవరు పిలుస్తారే?” అన్నాడట. అప్పటినుంచి స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకోవడం వేషమే. రెండో చెయ్యి గోడకు ఆనించి, అరచేతికి తగిలే అదురును బట్టి నెట్టుకొస్తున్నాడు. ఇది నమ్మినవాళ్ళను మోసం చెయ్యడమేనని ఆయనకూ తెలుసు. తెలిసే, మొదటి లిఫ్టుకూ రెండో లిఫ్టుకూ “బాగుంది” అనేశాడు.

సెలవు రోజొస్తే ముగ్గురూ నగరం చూడ్డానికి బయల్దేరేవారు. ముందు ఇంజనీరమ్మ, చేతిలో రైలు దారుల పటం. వెనక వీళ్ళిద్దరూ, బడిపిల్లల్లా. చూసిందేమిటంటే మాత్రం చెప్పుకోడానికి సిగ్గు. నది మీద పెద్ద వంతెన దగ్గర జనమంతా నీళ్ళ వైపు తిరిగి ఫొటోలు తీసుకుంటుంటే వెల్డరు మోకాళ్ళ మీద కూర్చుని అతుకులు తడిమి చూశాడు. మ్యూజియంలో బొమ్మలు పావుగంట, సామాను లిఫ్టు ముప్పావుగంట. “మిమ్మల్ని స్వర్గానికి తీసుకెళ్ళినా గేటు కీళ్ళు చూసి వచ్చేస్తారు,” అంది ఆవిడ.

రైల్లో వెళ్తూ డాక్టరు ఒకరోజు వెల్డరును మెచ్చుకున్నాడు కూడా. ఈ ఊరి గాలి పడినట్టుంది, ఒకే గదిలో పడుకుంటున్నా ఈల వేసినట్టుండే నీ గురక బొత్తిగా లేదన్నాడు. వెల్డరు మురిసిపోయి, ఆ సంగతి భార్యకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు.

ఐదో వారం నగరంలోకల్లా ఎత్తయిన భవనానికి వెళ్ళారు. డెబ్బై అంతస్తులు. లిఫ్టులో కిక్కిరిసి జనం. సగం దూరం వెళ్ళాక పైనుంచి సన్నగా, పదునుగా ఒక కూత మొదలైంది. ఎవరో చెవులు మూసుకున్నారు. తోపుడుబండిలో పసిబిడ్డ ఏడుపందుకుంది. వెల్డరు కన్నుగీటి, “ఏం డాక్టరూ, రోగమేంటి?” అని అడిగాడు.

డాక్టరు అరచెయ్యి వెనకగోడకు ఆనే ఉంది. “రోగమా? వెన్న మీద జారినట్టు పోతుంటే,” అన్నాడు.

వెల్డరు నవ్వబోయి ఆగిపోయాడు. ఆయన వేళాకోళం ఆడటం లేదు. ఇంజనీరమ్మ ఏడుస్తున్న బిడ్డను చూసి, ఆయన్ని చూసింది.

పైన అద్దాల అవతల నగరమంతా పరుచుకుని ఉంది. ముగ్గురిలో ఒక్కరూ చూడలేదు.

“డాక్టరు గారూ, మొన్న మన రెండో లిఫ్టు విన్నారు కదా?” అని అడిగింది ఆవిడ, నెమ్మదిగానే.

డాక్టరు కిటికీ కమ్మీ పట్టుకున్నాడు. “వినలేదమ్మా. పట్టుకుని చూశానంతే. సన్న చప్పుళ్ళు వినబడక ఆర్నెల్లయింది.”

“అది ఆసుపత్రండీ. అందులో మంచాల మీద మనుషుల్ని ఎక్కిస్తారు.”

“తెలుసమ్మా. రేపు చెప్దాం, రేపు చెప్దామనుకుంటూనే ఉన్నా. ఇంటికి పంపేస్తారని భయమేసింది.”

వెల్డరు ఆయన వైపు తిరిగి, “ఒక గదిలో ఉంటూ నాకూ చెప్పలేదు. అంటే నా గురక తగ్గలేదన్నమాట. నేను ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నా బావా,” అన్నాడు. అతని గొంతులో కోపమెంతో, బాధెంతో డాక్టరుకు తేలలేదు. నవ్వొచ్చి, కళ్ళలో నీళ్ళూ వచ్చాయట.

మర్నాడు ఇంజనీరమ్మ మొదటి రెండు లిఫ్టుల కాగితాల మీదా తను పెట్టిన సంతకాలు కొట్టివేసి రద్దు చేసింది. డాక్టరు పెట్టె సర్దుకోవడానికి సిద్ధపడే ఉన్నాడు. ఆవిడ మాత్రం ఇద్దర్నీ తనతో రెండో లిఫ్టులో ఎక్కించి, ఆయన్ని గోడకు రెండు చేతులూ ఆనించమంది. వెల్డరును వినమంది. ఏడో అంతస్తు దాటగానే ఆయన “ఇక్కడ కుడిపక్క పట్టా తడుతోంది,” అన్నాడు. మిగతా ఇద్దరికీ ఏమీ వినబడలేదు. విప్పి చూస్తే లిఫ్టు జారే ఉక్కు పట్టాల అతుకు దగ్గర వెంట్రుకంత ఎత్తు తేడా. తొమ్మిదో అంతస్తు దగ్గర మాత్రం వెల్డరు చెయ్యెత్తి, ఏదో కూస్తోందన్నాడు. అది డాక్టరు చేతికి అందలేదు.

“ఎలా కూస్తోంది?” అని అడిగాడు డాక్టరు.

“కూతంటే కూతే. ఎలా ఏంటి?”

“అట్లా కాదు. దేనిలా ఉంది?”

వెల్డరు బుర్ర గోక్కుని, తుప్పుపట్టిన గిలకలా ఉందన్నాడు. కాదు కాదు, తడిచేత్తో అద్దం రుద్దినట్టుందన్నాడు. డాక్టరు కళ్ళు మూసుకుని అది ఏ పైరోలరో చెప్పాడు. విప్పి చూస్తే అదే.

ఇంజనీరమ్మ పై ఆఫీసుకు ఉన్నదున్నట్టు రాసింది. ఆయన్ని పంపేయలేదు, పరీక్ష కాగితంలో ఒక పేరుకు బదులు రెండు పేర్లు రాయమన్నారు. నాలుగు లిఫ్టులూ అలాగే పరీక్ష దాటాయి.

తిరుగు ప్రయాణానికి ముందు ఆఖరి సెలవు రోజు ఎక్కడికి వెళ్దామని ఆవిడ అడిగితే ఇద్దరూ ఒకేసారి ఆ డెబ్బై అంతస్తుల భవనం పేరే చెప్పారు. లిఫ్టు సగం దూరం వెళ్ళాక వెల్డరు ఆయన కుడిచెవి దగ్గరికి వంగాడు.

“ఇంకా కూస్తోంది బావా. పాలగిన్నె అంచు మీద గరిట గీసినట్టు.”

“మొదలా, చివరా?”

“మొదలు సన్నం. చివర కాస్త వణుకు.”

డాక్టరు అరచెయ్యి గోడకు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.