ప్రసాదు ఐడీ నుంచి వచ్చిన మెయిల్

ఈ మాట చెబుదామని ఎన్నిసార్లు కూర్చున్నానో, ఎన్నిసార్లు లేచిపోయానో. ఇన్నేళ్లుగా గుండెల మీద బండలా ఉంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పల్నాడులో ఒక కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల మెయిళ్లు చూసేవాణ్ణి. పొద్దున్నే ఇన్‌బాక్స్ పొంగిపొర్లుతుండేది. సాయంత్రానికల్లా ఖాళీ చేసేవాణ్ణి. పైవాళ్లు భుజం తట్టేవారు. అందులోవి ఎటు పోయాయో ఎవరడుగుతారు?

మా చుట్టుపక్కల పల్లెల్లో రైతులు తమంతట తాము మెయిల్ పెట్టేవారు కాదు. నెట్ సెంటర్ ప్రసాదు పక్కన కూర్చుని చెప్పేవారు. అతను తన ఐడీ నుంచే పంపించేవాడు. ఊళ్లవాళ్ల గోడు మొత్తం ఒక్క పేరు మీదే వచ్చిపడేది. కందకి లేని దురద కత్తిపీటకెందుకని విసుక్కుని, ఒకరోజు ఆ ఐడీ నుంచి వచ్చేవన్నీ నా కంటపడకుండా వేరే ఫోల్డర్లోకి పోయేలా పెట్టాను. తీరిగ్గా చూద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఏమో.

మిరపకోతల రోజుల్లో రాహేలమ్మ అనే కూలీ ఆఫీసుకి వచ్చింది.

"సారూ, చేలో కరెంటు వైరు చానా కిందకి దిగింది. ప్రసాదుతో మెయిల్ పెట్టిచ్చా. ఏంది, ఎవురూ రారే?"

"చూస్తాంలేమ్మా, వెళ్లు."

చూడలేదు. ఆ వారమే ఆ తీగ తగిలి ఆమె చేలోనే చనిపోయింది.

ఫిర్యాదు అందిందా అని విచారణలో అడిగారు. ఖాళీ ఇన్‌బాక్స్ చూపించి, రాలేదన్నాను. పంపానని ప్రసాదు తన కంప్యూటర్ చూపించాడు. అక్కణ్ణుంచి పోయుండొచ్చు, ఇక్కడికి మాత్రం చేరలేదన్నాను. ఆఫీసు మాటే చెల్లింది. ఆమె చావు నీ వల్లేనని ఊరంతా అతని మీద పడింది. అతను సెంటర్ మూసేసి, పెళ్లాం పిల్లలతో ఎటో వెళ్లిపోయాడు.

తర్వాత ఆ ఫోల్డర్ తెరిచి ఆమె మెయిల్ చెరిపేశాను. మర్నాడు అదే ఐడీ నుంచి ఇంకొకటి వచ్చింది. "వైరు ఇంకా కిందే ఉంది సారూ." తీగ ఎప్పుడో సరిచేశారు, నేనే వెళ్లి చూసొచ్చాను. ప్రసాదే ఎక్కణ్ణుంచో కసి తీర్చుకుంటున్నాడని సర్దిచెప్పుకున్నాను. అది కూడా చెరిపేశాను. మళ్లీ వచ్చింది. "రేపు మళ్లా ఆ చేలోకే పోవాల సారూ." ఇది ప్రసాదు ఎందుకు రాస్తాడు? ఆఫీసు మారాను, ఐడీ మార్చాను. ఏటా మిరపకోతలు మొదలైతే కొత్తదానికీ వస్తోంది. చెరపడం మానేశాను. ఇప్పుడు ప్రతిదీ చదువుతున్నాను.

క్షమించమని అడగను. అడగాల్సినవాళ్లలో ఒకామె లేదు, ఒకతను దొరకడు. అతని పిల్లలు ఏ ఊళ్లో ఎలా బతుకుతున్నారో తలుచుకోవాలంటే భయం. రాహేలమ్మ మెయిల్ నాకు చేరింది. ప్రసాదు అబద్ధం ఆడలేదు, నేను ఆడాను. ఈ ముక్క రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.